కింది దవడకు రెండు చాలు

ఈమధ్య ఒక ఆదివారం దినపత్రిక మడతలో పెట్టి వేసిన కరపత్రం ఒకటి మా ఇంటికి వచ్చింది. మూడు రోజుల్లో శాశ్వత దంతాలు, నొప్పి ఉండదు, కుట్లు ఉండవు, నెలవారీ వాయిదాల్లో చెల్లించవచ్చు అని పెద్ద అక్షరాలతో అచ్చువేశారు. బొమ్మలో నవ్వుతున్న దంపతులకు నలభై ఏళ్ళు కూడా దాటి ఉండవు. ఇంప్లాంట్ల గురించి, అంటే పోయిన పన్ను చోట వేరులా పనిచేసేట్టు దవడ ఎముకలో బిగించే టైటానియం లోహపు మేకుల గురించి, మన పట్టణాల్లో జరిగే ప్రచారమంతా దాదాపు ఇలాగే ఉంటోంది. ఒక పన్నో రెండు పళ్ళో పోయి, చేతిలో నాలుగు డబ్బులున్న మధ్యవయసు వాళ్ళను ఉద్దేశించి మాట్లాడతారు. నోట్లో ఒక్క పన్నూ లేక, కట్టించుకున్న కింది పళ్ళ సెట్టు నిలవక, కంచం ముందు కూర్చోగానే దాన్ని తీసి పక్కన పెట్టుకునే డెబ్బై ఏళ్ళ మనిషిని ఉద్దేశించి ఎవరూ మాట్లాడరు.

నా అభిప్రాయం మొదటే చెబుతాను. ఇంప్లాంట్ వల్ల అందరికన్నా ఎక్కువ మేలు జరిగేది కింది దవడలో పళ్ళన్నీ పోయిన వృద్ధులకు. వారికి కావలసింది ఎనిమిదీ కాదు, ఆరూ కాదు, సాధారణంగా రెండు చాలు. అయినా మన కుటుంబాల్లోనూ, ప్రైవేటు క్లినిక్కుల్లోనూ, ప్రభుత్వ ఆలోచనల్లోనూ ఈ మనుషులే చివరి వరుసలో ఉన్నారు. మరోవైపు, వెనక దవడ పన్ను ఒకటి పోయినంత మాత్రాన ఏమీ చేయించుకోనక్కరలేని వాళ్ళు అప్పుచేసి మరీ ఇంప్లాంట్లు వేయించుకుంటున్నారు. ఈ తలకిందుల వరుస గురించే నా బాధ.

పై సెట్టు నిలుస్తుంది, కింది సెట్టు ఎందుకు నిలవదు

మా పెద్దమ్మ రేపల్లెలో ఉంటుంది. పళ్ళన్నీ తీయించి రెండు సెట్లూ కట్టించి చాలా ఏళ్ళయింది. పై సెట్టుతో ఆమెకు ఏ ఇబ్బందీ లేదు. కింది సెట్టు మాత్రం ఆమె ముఖానికే తప్ప నోటికి పనికిరాలేదు. ఎవరైనా ఇంటికి వస్తున్నారంటే పెట్టుకునేది, వాళ్ళు వెళ్ళగానే తీసి నీళ్ళున్న స్టీలు గిన్నెలో వేసేది. భోజనాల వేళ ఆమె పక్కన కూర్చుంటే తెలిసేది, ఆవకాయ ముక్కను వేళ్ళతో నొక్కి ఊటను అన్నంలో పిండుకుని, ముక్కను కంచం అంచున వదిలేసేది. వక్కను చిన్న రోట్లో దంచుకునేది. జంతికలు చేసిన రోజున అందరికీ పెట్టి, తనకు మాత్రం పాలల్లో నానబెట్టుకునేది. దీన్ని ఆమె ఎప్పుడూ ఫిర్యాదుగా చెప్పలేదు. వయసు మీద పడితే అంతేనని అనుకుంది. మేమూ అంతేననుకున్నాం.

కింది సెట్టు నిలవకపోవడం డాక్టరు పనితనంలోని లోపం అని చాలామంది అనుకుంటారు. కొన్నిసార్లు అది నిజం కావచ్చు గాని, అసలు కారణం దవడ నిర్మాణంలోనే ఉంది. పై సెట్టుకు అంగిలి అంతా ఆధారంగా దొరుకుతుంది, అంచులు గట్టిగా మూసుకుంటే గాలి చొరబడక అది అతుక్కుని ఉంటుంది. కింది సెట్టుకు ఆ వసతి లేదు. గుర్రపు లాడం ఆకారంలో ఉన్న సన్నని చిగురు గట్టు మీద అది కూర్చోవాలి, మధ్యలో నాలుక, పక్కన బుగ్గలు మాట మాటకూ దాన్ని లేపుతూ ఉంటాయి. దీనికి తోడు పళ్ళు పోయిన ఎముక నిలకడగా ఉండదు. పంటి వేరు ఉన్నంతకాలం దాని చుట్టూ ఉన్న ఎముక ఉంటుంది, వేరు పోయాక అది ఏడాదికేడాది తరుగుతూ వస్తుంది. టాల్‌గ్రెన్ అనే పరిశోధకురాలు సెట్లు వాడుతున్నవారిని 25 ఏళ్ళ పాటు గమనించి 1972లో ప్రచురించిన అధ్యయనం దంతవైద్యులందరూ చదివేదే. పై దవడలో తరిగిన దానికి దాదాపు నాలుగింతలు కింది దవడలో తరిగిందని ఆమె చూపించారు. అంటే ఆధారం తక్కువగా ఉన్న చోటే అరుగుదల కూడా ఎక్కువ. కట్టించిన రోజున బాగా కూర్చున్న సెట్టు కొన్నేళ్ళకు వదులవడానికి ఎవరినీ నిందించనక్కరలేదు. అలాగని దాన్ని విధి అని వదిలేయనూ అక్కరలేదు.

మొదటి రోగి ఎవరు

టైటానియంను ఎముక తనలో కలుపుకుంటుందన్న సంగతిని స్వీడన్ శాస్త్రవేత్త పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ కుందేళ్ళ మీద ప్రయోగాల్లో గమనించిన కథ చాలామందికి తెలిసిందే. తెలియవలసినంతగా తెలియనిది, 1965లో ఆయన ఈ పద్ధతిని మొదట ఎవరికి చేశారన్నది. యోస్టా లార్సన్ అనే ఆ వ్యక్తికి పుట్టుకతోనే అంగిలి చీలిక, దవడ వైకల్యం ఉన్నాయి, కింది దవడలో పళ్ళు లేవు. ఆ దవడలో నాలుగు ఇంప్లాంట్లు అమర్చారు. 2006లో చనిపోయేదాకా, అంటే 40 ఏళ్ళకు పైగా, ఆయన వాటితోనే తిన్నారు. ఆ తరువాత గోథెన్‌బర్గ్‌లోని బ్రోనెమార్క్ బృందం తమ 15 ఏళ్ళ ఫలితాలను 1981లో ప్రచురించినప్పుడు కూడా ఆ పత్రం పళ్ళన్నీ పోయిన దవడల గురించే. 1982లో కెనడాలోని టొరంటోలో ఈ పద్ధతి గురించి జరిగిన సమావేశం తరువాత అమెరికా, కెనడాల దంతవైద్యులు దీన్ని నమ్మడం మొదలుపెట్టారు. ఒక్క పన్ను పోయిన చోట ఒక్క ఇంప్లాంట్ అన్నది తరువాత పెరిగిన వాడుక.

ఈ చరిత్రను గుర్తుచేయడానికి కారణం ఉంది. ఇంప్లాంట్ అందం కోసం వచ్చిన విలాసమనీ, డబ్బున్నవాళ్ళ వ్యవహారమనీ మన పెద్దవాళ్ళలో బలమైన నమ్మకం ఉంది. నిజానికి ఈ వైద్యం పుట్టింది నమలలేని మనిషి కోసం. ఒక్క పన్ను పోయినవారికి, పక్క పళ్ళను ఆసరా చేసుకుని కట్టే బ్రిడ్జి వంటి వేరే దారులు అప్పటికే ఉన్నాయి. కింది దవడ ఖాళీ అయినవారికి కదిలే సెట్టు తప్ప వేరే దారి లేకపోయింది.

రెండే ఎందుకు

కెనడాలోని మాంట్రియల్‌లో, మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో 2002లో సమావేశమైన నిపుణులు ఒక ప్రకటన చేశారు. కింది దవడలో పళ్ళేవీ లేనివారికి మామూలు సెట్టును మొదటి చికిత్సగా ఇవ్వడం ఇక సరైనది కాదని, రెండు ఇంప్లాంట్ల మీద నిలిచే, తీసి పెట్టుకోగలిగే సెట్టునే మొదటి ఎంపికగా ఎంచాలని దాని సారాంశం. 2009లో బ్రిటన్‌లోని యార్క్‌లో కూడా నిపుణులు ఇదే మాటను బలపరిచారు. మొదటి ప్రకటన వెలువడి ఇరవై ఏళ్ళు దాటింది. నేను గానీ, మా ఇంట్లో ఎవరు గానీ పెద్దమ్మకు సెట్టు కట్టించిన సంవత్సరాల్లో ఏ డాక్టరు నోటా ఈ మాట వినలేదు.

పని జరిగే తీరు సులువైనది. కింది దవడ ముందు భాగంలో, కోరపళ్ళు ఉండవలసిన చోట, కుడివైపు ఒకటి ఎడమవైపు ఒకటి ఇంప్లాంట్ వేస్తారు. ఆ స్థలాన్ని ఎంచుకోవడంలో ఎంతో తెలివి ఉంది. కింది పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం దవడ ఎముక లోపల వెనకనుంచి వచ్చి, కోరపన్ను వెనక చిన్న దవడ పళ్ళ కింద ఉన్న రంధ్రం గుండా బయటికి వస్తుంది. దానికి ముందున్న భాగంలో పనిచేస్తే ఆ నరం తగిలే భయం బాగా తగ్గుతుంది. పైగా అక్కడి ఎముక దవడలన్నిటిలోకీ గట్టిది, ఎంత అరిగినా చాలామందిలో ఇంప్లాంట్‌కు సరిపడా మిగిలే ఉంటుంది. పై దవడ వెనక భాగంలో వలె సైనస్‌ను, అంటే ఎముక పైన ఉండే గాలి గదిని, ఎత్తవలసిన పని, ఎముక పొడి నింపవలసిన పని ఇక్కడ సాధారణంగా ఉండదు. రెండు మూడు నెలలకు ఎముక పట్టుకున్నాక వాటి మీద చిన్న లోహపు బొడిపెలు బిగిస్తారు, సెట్టు అడుగున వాటికి సరిపోయే నైలాన్ రింగులు అమరుస్తారు. జాకెట్టు టిచ్ బటన్ నొక్కినట్టు సెట్టు టక్కున పడుతుంది, కావాలంటే పట్టి లాగితే వస్తుంది.

పెద్దమ్మకు గుంటూరులో వేయించాం. స్కానింగ్ తీసినప్పుడు ఆ యువ డాక్టరు తెరమీద దవడను తిప్పి చూపిస్తూ, వెనకవైపు ఎముక కాగితంలా అయినా ముందువైపు ఇంకా ఉందని, అది చాలునని ఆమెకు అర్థమయ్యేట్టు చెప్పాడు. ఆమె అడిగింది ఒకటే, నొప్పి గురించి కాదు. "ఈ వయసులో నాకు దవడలో మేకులెందుకే అమ్మాయ్, ఆ డబ్బేదో పిల్ల చదువుకు పెట్టమను" అని నాతో చెప్పి మా అన్నయ్యకు వినబడేట్టు అంది. అన్నయ్య సమాధానం చెప్పలేదు, ఫారం మీద సంతకం పెట్టాడు. పని ఒక పూటలో అయిపోయింది, సాయంత్రానికి ఊరు చేరుకుంది. కొత్త సెట్టు అమర్చిన కొన్నాళ్ళకు నేను వెళ్ళేసరికి గోంగూర పచ్చడిలో పచ్చి ఉల్లిపాయ ముక్క కొరుక్కుని తింటోంది. నమిలే చప్పుడు నాకు వినిపించింది. ఆ చప్పుడు ఆమె నోట విని చాలాకాలమైందని అన్నయ్య భార్య అంది.

ఖర్చు సంగతి కూడా దాచను. మేము వాకబు చేసిన చోట్ల రెండు ఇంప్లాంట్లు, బొడిపెలు, కొత్త కింది సెట్టు అన్నీ కలిపి 80,000 నుంచి 1,20,000 రూపాయల మధ్య చెప్పారు. అదే దవడకు తీయడానికి వీలులేని ఫిక్స్‌డ్ పళ్ళకైతే 2,50,000 నుంచి 4,00,000 దాకా చెప్పారు. ఆ రెండో మాటను అన్ని చోట్లా ముందు చెప్పారు. మొదటి మాటను మేము అడిగితేనే చెప్పారు. ఒకచోటైతే అడిగినా, అది పాత పద్ధతండీ, ఇప్పుడు ఎవరూ చేయించుకోవడం లేదండీ అన్నారు.

నాకున్న సందేహాలు

ఇంత గట్టిగా చెబుతున్నాను గనుక ఎదురు నిలిచే వాదాలను కూడా నేనే చెప్పాలి. అన్నిటికన్నా బలమైనది ఆహారానికి సంబంధించినది. బాగా నమలగలిగితే కూరగాయలు, పళ్ళు, పప్పులు ఎక్కువ తిని ఒంట్లో సత్తువ పెరుగుతుందని మనకు సహజంగా అనిపిస్తుంది. కానీ మామూలు సెట్టు ఉన్నవారినీ, రెండు ఇంప్లాంట్ల సెట్టు ఉన్నవారినీ పోల్చి చూసిన పరిశోధనల్లో పోషకాల విషయంలో ఫలితాలు ఒకే దారిన లేవు, కొన్నిటిలో చెప్పుకోదగ్గ తేడాయే కనబడలేదు. నిలకడగా కనబడేది తృప్తి. నమలడం తేలికైంది, మాట స్పష్టమైంది, నలుగురిలో తినడానికి సంకోచం పోయింది అని రోగులు చెబుతారు. పోషకాల్లో తేడా కనబడకపోవడం, ఏళ్ళ తరబడి మెత్తటివి తిన్న మనిషి ఒక్కసారిగా అలవాటు మార్చుకోకపోవడం వల్ల కావచ్చు, వంట చేసే కోడలు ఆమె కోసం మెత్తగానే వండుతూ ఉండటం వల్లా కావచ్చు. కాబట్టి ఇంప్లాంట్లు వేయిస్తే అమ్మ ఆరోగ్యం బాగుపడుతుందని నేను ఎవరికీ మాట ఇవ్వను. తిండి మీద ఆమెకు మళ్ళీ ఇష్టం కలుగుతుందని మాత్రం చెప్పగలను. అది చాలదా అని ఎవరైనా అడిగితే, లక్ష రూపాయలకు అది చాలునా అన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. చాలునన్నది నా పక్షం. డెబ్బై ఏళ్ళ మనిషి రోజులో మిగిలిన సుఖాల్లో భోజనానిది చిన్న వాటా కాదు.

రెండో సందేహం ఆరోగ్యం గురించి. వయసు ఒక్కటే ఇంప్లాంట్‌కు అడ్డం కాదు, ఎనభైలలో ఉన్నవారిలో కూడా ఎముక పట్టుకుంటుంది. చక్కెర అదుపులో ఉంటే మధుమేహమూ అడ్డం కాదు, అదుపులో లేకపోతే మానడం ఆలస్యమై చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. ఎముకలు గుల్లబారినందుకు మాత్రలు వాడేవారు, ముఖ్యంగా క్యాన్సర్ చికిత్సలో ఎముక కోసం సూదిమందు తీసుకున్నవారు, ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి, ఆ మందుల వల్ల దవడ ఎముక చచ్చుబడే అవకాశం ఉంది. పొగతాగేవారిలో ఇంప్లాంట్లు విఫలమవడం ఎక్కువ. చుట్ట తాగే తాతలు, ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పును నోటి లోపల పెట్టుకుని అడ్డపొగ తాగే అవ్వలు మన సమాజంలో ఇంకా ఉన్నారు. వారి నోటిని ఇంప్లాంట్ కోసం కాకపోయినా క్యాన్సర్ కోసమైనా ముందు పరీక్షించాలి.

మూడోది ఎవరూ చెప్పనిది, అందుకే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది. ఇంప్లాంట్ వేయించడంతో పని పూర్తికాదు. నైలాన్ రింగులు అరుగుతాయి, ఏడాదికో రెండేళ్ళకో మార్చాలి. బొడిపెల చుట్టూ రోజూ మెత్తని బ్రష్షుతో తోమాలి, లేకపోతే గార పేరుకుని చిగురు వాచి, లోపలి ఎముక కరగడం మొదలవుతుంది. ఇంప్లాంట్ ఉన్నవారిలో దాదాపు అయిదుగురిలో ఒకరికి ఈ ఎముక కరిగే జబ్బు ఉంటుందని 2015లో వెలువడిన ఒక సమీక్ష లెక్కగట్టింది. చూపు మందగించి, వేళ్ళు వణికే వయసులో ఈ శుభ్రత ఎవరు చూస్తారు? పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, తల్లి రేపల్లెలో ఒంటరిగా ఉంటే రింగు మార్పించడానికి ఎవరు తీసుకువెళతారు? నిజానికి ఈ ప్రశ్నే నన్ను ఫిక్స్‌డ్ పళ్ళకన్నా తీసి పెట్టుకునే సెట్టు వైపు ఇంకా మొగ్గేట్టు చేసింది. తీసే సెట్టయితే కుళాయి కింద పట్టి కడగవచ్చు, బొడిపెలు రెండే గనుక కళ్ళకు కనబడతాయి, ఆమె మంచం పట్టినా పక్కవాళ్ళు చూసుకోగలరు. బిగించిన పళ్ళ వంతెన అడుగున దారం దూర్చి తోమే ఓపిక నలభై ఏళ్ళవారికే ఉండదు.

చివరిది, అందరికీ రెండు ఇంప్లాంట్లు కూడా అక్కరలేదు. ఎముక గట్టు ఎత్తుగా మిగిలి, సెట్టును శ్రద్ధగా చేసిన చోట మామూలు కింది సెట్టుతో హాయిగా తినేవారు ఉన్నారు. వారిని కదపవలసిన పనిలేదు. పాత సెట్టు వదులైతే ముందు దాని అడుగున కొత్త పొర వేయించి చూడవచ్చు. నేను మాట్లాడుతున్నది సెట్టు గిన్నెలో ఉండేవారి గురించి.

వెనక దవడ పన్ను పోయినవారి సంగతి

ఇప్పుడు రెండో చివరకు వస్తాను. మా ఆఫీసులో నాతో పనిచేసే అతనికి చిట్టచివరి దవడ పన్ను, అంటే జ్ఞానదంతానికి ముందున్నది, పుచ్చి తీసేశారు. తీసిన రోజునే ఇంప్లాంట్ మాట ఎత్తి, వేయించుకోకపోతే పక్క పళ్ళు వంగిపోతాయని, పై పన్ను కిందికి దిగిపోతుందని, ముఖం లోపలికి పోతుందని చెప్పారట. అతను ఆ నెల ఇంటి వాయిదా ఆపి వేయించుకున్నాడు.

చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది. ఎదురు పన్ను కొంత దిగుతుంది, పక్కది కొంత ఒరుగుతుంది. పెద్దవాళ్ళలో చాలామందికి ఈ కదలిక స్వల్పంగానే ఉంటుంది, కొందరిలో ఎక్కువగా ఉంటుంది. చూస్తూ ఉండి, ఎక్కువైతే అప్పుడు ఆలోచించడానికి సమయం ఉంటుంది. నెదర్లాండ్స్‌లోని నైమెగెన్‌లో కేయ్‌సర్ అనే ఆచార్యుడు, వెనక దవడ పళ్ళు లేకపోయినా ముందు పళ్ళు, చిన్న దవడ పళ్ళు ఎదురెదురుగా సరిగా కలుస్తూ ఉంటే నమలడానికి చాలునని 1981లో చూపించారు. ఎదురెదురుగా కలిసే 20 పళ్ళు ఉంటే చాలామందికి జీవితం సాగిపోతుంది. జపాన్‌లో 1989లో మొదలుపెట్టిన ఉద్యమం కూడా 80 ఏళ్ళకు 20 పళ్ళు మిగలాలనే లక్ష్యం పెట్టుకుంది, 28 అనలేదు. ముప్పై దాటిన ప్రతి ఒక్కరి నోట్లోనూ ఖాళీ కనబడగానే పూడ్చాలన్న తొందర విజ్ఞానంలోంచి వచ్చింది కాదు.

నేను ఇంప్లాంట్‌కు వ్యతిరేకిని కానని మళ్ళీ చెప్పవలసి వస్తోంది. ప్రమాదంలో ముందు పన్ను పోయిన పాతికేళ్ళ అమ్మాయికి ఇంప్లాంట్ గొప్ప వరం. బ్రిడ్జి కోసం రెండు పక్కలా ఉన్న మంచి పళ్ళను అరగదీయనక్కరలేదు. ఎదిగే వయసు పిల్లలకు మాత్రం దవడ ఎదుగుదల ముగిసేదాకా ఆగాలి, ఇంప్లాంట్ దవడతో పాటు ఎదగదు. మొదటి పెద్ద దవడ పన్ను పోయి నమలడం నిజంగా కష్టమైనవారికీ అది తగిన వైద్యమే. పదేళ్ళు గడిచినా నూటికి 95 ఇంప్లాంట్లు నిలిచి ఉండటం చిన్న విషయం కాదు. అయితే ఆ పన్ను ఎందుకు పోయిందన్న ప్రశ్న ముందు రావాలి. చిగుళ్ళ జబ్బుతో పళ్ళు ఒక్కొక్కటే కదిలి పోతున్న మనిషికి, ఆ జబ్బు నయం చేయకుండా ఇంప్లాంట్ వేస్తే అదే జబ్బు దాన్నీ తినేస్తుంది. ఇంప్లాంట్‌కు పన్నుకు ఉన్నట్టు ఎముకతో కలిపే మెత్తని నారపొర లేదు, వాపు ముదిరినా నొప్పి చాలాసార్లు తెలియదు. తెలిసేసరికి ఎముక సగం పోయి ఉంటుంది.

సెలవుల్లో విదేశాలనుంచి వచ్చి హైదరాబాదులో ఇంప్లాంట్లు వేయించుకుని వెళ్ళేవారికి ఒక మాట. అక్కడి ధరలతో పోలిస్తే ఇక్కడ చాలా చవక, పనితనంలో మన డాక్టర్లు ఎవరికీ తీసిపోరు. కానీ వేసిన ఇంప్లాంట్ ఏ కంపెనీది, దాని మందమెంత, పొడవెంత అన్న వివరాల కార్డు తీసుకోకుండా విమానం ఎక్కవద్దు. ఒక కంపెనీ స్క్రూ మరొక కంపెనీ ఇంప్లాంట్‌కు సాధారణంగా పట్టదు. అయిదేళ్ళ తరువాత డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో స్క్రూ వదులైతే అక్కడి డాక్టరుకు ఆ కార్డే దారి చూపుతుంది. పెద్దమ్మ కార్డును అన్నయ్య ఆమె రేషను కార్డు, ఆధార్‌లతో కలిపి పెట్టాడు.

తీయక మిగుల్చుకోగలిగినవి

కరపత్రంలోని మూడు రోజుల మాట నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం కలిగించేది ఎందుకో చెప్పాలి. పోర్చుగల్‌కు చెందిన మాలో అనే వైద్యుడు ప్రాచుర్యంలోకి తెచ్చిన నాలుగు ఇంప్లాంట్ల పద్ధతిలో, వేసిన వెంటనే తాత్కాలికంగా ఫిక్స్‌డ్ పళ్ళు పెట్టవచ్చు. తగినవారికి అది మంచి పద్ధతే. అయితే అది మొదలు కావాలంటే దవడ ఖాళీగా ఉండాలి. అందుకే, ఖాళీ కాని దవడను ఖాళీ చేసే ఆకర్షణ అందులో దాగి ఉంది. మా వీధిలో ఉండే ఒక రిటైర్డు టీచరుగారికి కింది దవడలో ఆరు పళ్ళు మిగిలాయి. రెండు కదులుతున్నాయి, కోరపళ్ళు రెండూ గట్టిగా ఉన్నాయి. ఒక క్లినిక్కులో ఆరింటినీ తీసేసి ఫిక్స్‌డ్ పళ్ళు వేస్తామన్నారు. అదృష్టవశాత్తు ఆయన సొమ్ము సమకూర్చుకునే లోపల మరొకరికి చూపించుకున్నారు. ఆ రెండో డాక్టరు, గట్టి కోరపళ్ళకు రూట్ కెనాల్ చేసి, చిగురు మట్టానికి కోసి, పంటి వేళ్ళను అలాగే ఉంచి వాటి మీద సెట్టు కూర్చోబెట్టవచ్చని చెప్పారు.

ఇది కొత్త చిట్కా కాదు. కింది కోరపళ్ళ వేళ్ళను ఇలా ఉంచినవారినీ, అన్నీ తీయించుకున్నవారినీ 5 ఏళ్ళు గమనించి క్రమ్, రూనీ అనే ఇద్దరు 1978లో ప్రచురించిన ఫలితాల్లో, వేళ్ళున్నవారి దవడ ముందు భాగంలో సగటున 0.6 మిల్లీమీటర్ల ఎముక తరిగితే, అన్నీ తీసినవారిలో 5.2 మిల్లీమీటర్లు తరిగింది. రెండు వేళ్ళు దాదాపు అరసెంటీమీటరు ఎముకను కాపాడాయి. మనిషికి పుట్టుకతో వచ్చిన రెండు ఇంప్లాంట్లు నోట్లో ఉండగానే వాటిని పీకి, వాటి స్థానంలో కొనుక్కున్నవి పెట్టమనడం నాకు మింగుడుపడదు. వేరుకు పుప్పి పట్టే అవకాశం ఉంది, శుభ్రత తప్పదు, ఎప్పటికైనా అవి పోవచ్చు. పోయిన రోజున, ఎముక మిగిలి ఉంది గనుక, అప్పుడు రెండు ఇంప్లాంట్లు వేయించుకోవచ్చు. ఆ క్రమం ముందుకు పోగలదు గాని వెనక్కి రావడం కుదరదు.

ఎవరు పూనుకోవాలి

వృద్ధుల కింది దవడను ప్రైవేటు క్లినిక్కులకే వదిలేస్తే ఈ వరుస మారదు. నెల అద్దె, ఉద్యోగుల జీతాలు, స్కానింగ్ యంత్రం అప్పు చూసుకునే క్లినిక్కు ఎక్కువ రాబడి ఉన్న పనిని ముందు చెప్పడం సహజం. అందుకు ఆ డాక్టర్లను దొంగలన్నట్టు మాట్లాడడం నాకు ఇష్టం లేదు, పెద్దమ్మకు అంత ఓపికగా చెప్పి చేసింది కూడా ఒక చిన్న ప్రైవేటు డాక్టరే. సాధారణ ఆరోగ్య బీమా ప్రమాదంలో దెబ్బతింటే తప్ప పంటి వైద్యానికి డబ్బివ్వదు. గుండె స్టెంట్లకు 2017 ఫిబ్రవరిలోనూ, మోకాలి ఇంప్లాంట్లకు అదే ఏడాది ఆగస్టులోనూ కేంద్రం గరిష్ఠ ధరలు నిర్ణయించింది. మోకాలు నడకకు ఎంత అవసరమో దవడ తిండికి అంత అవసరం, అయినా పంటి ఇంప్లాంట్ గురించి అలాంటి చర్చ జరగడం నేను చూడలేదు.

పొరుగున కర్ణాటకలో దంతభాగ్య అనే పథకం కింద పేద వృద్ధులకు ఉచితంగా పళ్ళ సెట్లు కట్టించారు. ఆలోచన మంచిది, మన రెండు రాష్ట్రాలూ దాన్ని గమనించాలి. అయితే పై సెట్టుతో సమస్య తీరినంతగా కింది సెట్టుతో తీరదన్న సంగతి ముందే తెలుసు గనుక, మనం మొదలుపెట్టేటప్పుడే ఆ లోటును కూడా లెక్కలోకి తీసుకోవచ్చు. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడలోనూ, కడపలోనూ ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. సెట్లు కట్టడం అక్కడి విద్యార్థులు నేర్చుకోవలసిన పనే. పీజీ విద్యార్థులకు ఇంప్లాంట్ల అనుభవమూ కావాలి. దవడ ముందు భాగంలో రెండు ఇంప్లాంట్లు వేయడం ఆ విద్యలో సాపేక్షంగా తక్కువ ప్రమాదమున్న పని, పెద్ద డాక్టరు పక్కన నిలబడి చేయించగలిగినది. పెద్ద మొత్తంలో కొంటే ఇంప్లాంట్ ధర దిగుతుంది. అరవై అయిదు దాటి, కింది సెట్టు కట్టించుకుని ఏడాది వాడి చూసినా నిలవనివారికి ముందుగా అని ఒక నియమం పెట్టుకుని, ఒక్కో కళాశాలకు ఏటా కొన్ని ఇంప్లాంట్లు కేటాయించి మొదలుపెట్టవచ్చు. రింగులు మార్చడానికి జిల్లా ఆసుపత్రిలోని దంతవైద్యుడికి అరపూట శిక్షణ చాలు, ఆ రింగుల పెట్టె ఆయన బల్ల సొరుగులో పడుతుంది.